అదును కోసం ఆగే పిండం: కంగారూల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి, మైకు అంత గట్టిది కాదు.

మెల్‌బోర్న్ అంచుల్లో ఇళ్లు కట్టుకున్న మన తెలుగువాళ్లలో కంగారూని చూడనివాళ్లు ఇప్పుడు ఎవరూ ఉండరు. అయితే మీరు ఇక్కడ చూసేది తూర్పు బూడిద కంగారూ. పుస్తకాల్లో, వీడియోల్లో వినే వింతల్లో చాలా భాగం ఎర్ర కంగారూవి. అది ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరాన, దేశం లోపలి ఎండు మైదానాల్లో ఉంటుంది. ఈ రెండూ కాక పడమటి బూడిద కంగారూ ఉంది, రాతి గుట్టల్లో వల్లరూ ఉంది, క్వీన్స్‌లాండ్, న్యూగినీ అడవుల్లో చెట్లెక్కే కంగారూలున్నాయి. అరకిలో తూగే ఎలుకంత జీవి మొదలుకొని 85, 90 కిలోల ఎర్ర మగ కంగారూ దాకా ఈ కుదురులో అరవైకి పైగా జాతులున్నాయి. అందుకే "కంగారూలు ఎక్కువయ్యాయా, తగ్గిపోతున్నాయా?" అని ఎవరైనా అడిగితే, ముందు "ఏవి?" అని అడగాలి. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది దాదాపుగా ఇదే.

పేరు సంగతి ఒక్క నిమిషంలో ముగిస్తాను. 1770లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ ఓడ మరమ్మతుకు ఆగిన ఎండెవర్ నది ఒడ్డున గూగు యిమిథిర్ భాష మాట్లాడేవాళ్లు ఒక రకం పెద్ద కంగారూని 'గంగుర్రు' అనేవారు. "నాకు తెలీదు" అని వాళ్లు జవాబిస్తే అదే పేరైపోయిందన్న కథ కల్పన. 1970లలో భాషా శాస్త్రవేత్త జాన్ హావిలాండ్ అక్కడే ఉండి ఆ భాష నేర్చుకుని, మాట అసలైనదేనని తేల్చాడు. మన 'కంగారు'కీ దీనికీ చుట్టరికం లేదు. కానీ ఆ మాట మనకు చివర్లో పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ముందు నడక. కంగారూ మెల్లగా మేస్తున్నప్పుడు గమనించండి. ముందు కాళ్లు నేలకానించి, తోకను కూడా నేలకు నొక్కి, వెనక కాళ్లు రెండూ ఒకేసారి ముందుకు ఊపుతుంది. తోక ఊతకర్ర అనుకునేవాళ్లం. 2014లో ఎర్ర కంగారూలను బలం కొలిచే పలక మీద నడిపించి చూస్తే, ముందుకు తోసే బలంలో తోక వంతు మిగతా నాలుగు కాళ్ల మొత్తానికీ సమానంగా వచ్చింది. అంటే అది ఐదో కాలు. ఈ ఐదు కాళ్ల నడక ఖరీదైనది, ఆక్సిజన్ బాగా తాగుతుంది. వేగం గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు దాటాక గెంతు మొదలవుతుంది, అక్కడినుంచి లెక్క తిరగబడుతుంది. 1973లో టెరెన్స్ డాసన్, రిచర్డ్ టేలర్ కంగారూలను ట్రెడ్‌మిల్ మీద గెంతించి ఊపిరిని కొలిచారు. వేగం పెరుగుతున్నా ఆక్సిజన్ ఖర్చు దాదాపు పెరగలేదు. మడమ వెనక ఉండే పొడవాటి స్నాయువు ప్రతి దూకులో స్ప్రింగులా సాగి, తిరిగి ముడుచుకుంటూ, నేలను తాకినప్పటి శక్తిలో కొంత వెనక్కి ఇచ్చేస్తుంది. పైగా గెంతుకో ఊపిరి: పైకి లేచేటప్పుడు పొట్టలోని అవయవాలు వెనక్కి జారి గాలి లోపలికి వస్తుంది, దిగేటప్పుడు ముందుకు కొట్టుకుని గాలి బయటికి పోతుంది. ఊపిరి తీయడానికి విడిగా పడే శ్రమ తక్కువ.

ఇదంతా ఎందుకంటే, ఎక్కడో వాన పడింది, అక్కడ గడ్డి మొలిచింది, అక్కడికి చవగ్గా చేరుకోవాలి. ఎర్ర కంగారూలుండే బ్రోకెన్ హిల్ అనే ఊరి దగ్గర ఏడాదికి 250 మిల్లీమీటర్ల వాన. మనం కరువు జిల్లా అనే అనంతపురానికి 550 దాకా పడుతుంది. ఆ సగం వాన కూడా ఏ నెలలో వస్తుందో చెప్పలేని నేల అది.

నీటి పొదుపు కూడా అంతే. ఎర్ర కంగారూకి పరుగులో ఉన్నంతసేపే చెమట పడుతుంది, ఆగగానే చెమట కూడా ఆగిపోతుంది. తర్వాత వగర్చి, ముంజేతులు నాకుతుంది. అక్కడ చర్మం కిందే రక్తనాళాల వల ఉంటుంది, ఉమ్మి ఆరే కొద్దీ రక్తం చల్లబడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం చేతులు తడిగా మెరుస్తున్న కంగారూ కనిపిస్తే దానికి జబ్బని ఫోన్లు చేస్తుంటారు. జబ్బు కాదు, దాని మానాన వదిలేయండి.

ఇప్పుడు అసలు విషయం, పుట్టుక. తొందరపడకుండా చెబుతాను, ఎందుకంటే లెక్కలు, వేట కోటాలు, రోడ్డు పక్క దొరికే కంగారూ పిల్లలు అన్నీ ఇక్కడినుంచే వస్తాయి.

ఎర్ర కంగారూ గర్భం 33 రోజులు. పుట్టే పిల్ల బరువు ఒక గ్రాము లోపు, పొడవు రెండున్నర సెంటీమీటర్లు. కళ్లు లేవు, చెవులు లేవు, వెనక కాళ్లు మొగ్గల్లా ఉంటాయి. ముందు చేతులు మాత్రం గోళ్లతో సహా తయారు. తల్లి తోకను కాళ్ల మధ్యనుంచి ముందుకు లాక్కుని, వెనక్కి ఆనుకుని కూర్చుంటుంది. పిల్ల బొచ్చు పట్టుకుని, చెయ్యి మార్చి చెయ్యి వేస్తూ, మూడు నుంచి ఐదు నిమిషాల్లో సంచిలోకి చేరుతుంది. తల్లి నాలుకతో దారి వేస్తుందని పాత పుస్తకాలు రాశాయి. అది దారి వెయ్యడం కాదు, కాన్పు తడిని శుభ్రం చేసుకోవడం. పిల్లను పట్టి ఎక్కించదు, జారిపడితే తీయదు.

లోపల నాలుగు చనుమొనలు. పిల్ల ఒకటి నోట పట్టుకోగానే దాని కొన నోట్లో ఉబ్బుతుంది, పెదవులు చుట్టూ బిగుసుకుంటాయి. ఇక నెలల తరబడి వదలదు. 1629లో బటావియా ఓడ పగిలి పశ్చిమ తీరపు దీవుల్లో చిక్కుకున్న డచ్చివాడు పెల్సార్ట్ వాలబీలనే చిన్న జాతి కంగారూలను చూసి, పిల్ల చనుమొన నుంచే మొలుస్తుందని రాసుకున్నాడు. నవ్వకండి. లాగితే ఊడనిదాన్ని చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

పిల్ల పుట్టిన ఒకటి రెండు రోజుల్లో తల్లి మళ్లీ మగదాన్ని కలుస్తుంది, కొత్త పిండం తయారవుతుంది. ఎనభై, వంద కణాల బంతిలా అయ్యాక అది ఆగిపోతుంది. చావదు, పెరగదు. సంచిలో పిల్ల పాలు పీలుస్తున్నంత కాలం తల్లి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ వస్తుంది, అది అండాశయంలోని పసుపు గ్రంథిని అణచి ఉంచుతుంది, ఆ గ్రంథి మేల్కోనిదే పిండం కదలదు. 1950లలో జీవశాస్త్రవేత్త జెఫ్రీ షార్మన్ మొదలుపెట్టిన పరిశోధనలతో ఈ సంగతి బయటపడింది. సంచి పిల్లకు 200 రోజులు దాటి పాలు పీల్చడం తగ్గాక పిండం మేల్కొంటుంది, మరో నెలకు పుడుతుంది. పెద్ద పిల్ల సంచిని శాశ్వతంగా వదిలేది దాదాపు 235వ రోజున. ఒకటి ఖాళీ చేసిన మర్నాడే ఇంకొకటి దిగుతుంది.

అనంతపురం వేరుశనగ రైతు విత్తనం మొత్తం ఒకేసారి వేసెయ్యడు. మొదటి వానకు వేసింది ఎండిపోతే రెండో అదునుకు వెయ్యడానికి కొంత దాచుకుంటాడు. ఎర్ర కంగారూ గర్భాశయంలో ఉన్నది ఆ దాచిన విత్తనం. కరువు ముదిరితే పాలు తగ్గుతాయి, సంచిలోని పిల్ల రెండు నెలల వయసులోనే చనిపోతుంది. పీల్చేది ఆగింది కాబట్టి దాచిన పిండం లేస్తుంది, నెలలో పుడుతుంది. అదీ పోతే మరొకటి. ఒక్కో పిల్ల మీద తల్లి పెట్టిన పెట్టుబడి చాలా కొద్దే కాబట్టి నష్టం తక్కువ. కరువు ఇంకా సాగితే ఎదకు రావడమే మానేస్తుంది. మంచి వాన పడితే సుమారు రెండు వారాల్లో మళ్లీ మొదలు.

మంచి కాలంలో ఒకే తల్లికి మూడు తరగతులుంటాయి: పక్కన గంతులేస్తూ ఇంకా పాలు తాగేది, సంచిలోది, గర్భాశయంలో ఆగినది. బయటి పిల్ల తల దూర్చి తన పాత చనుమొననే వెతుక్కుంటుంది. ఆ మొనలో కొవ్వు ఎక్కువున్న చిక్కటి పాలు. వేలెడు దూరంలో పక్క మొనలో చంటిదానికి పలుచటి, పిండిపదార్థం ఎక్కువున్న పాలు. రెండు గ్రంథులకూ అందే రక్తం ఒకటే, హార్మోన్లు ఒకటే, పాలు మాత్రం వేరు. ఆవులో, గేదెలో ఇలాంటిది ఊహించలేం.

అయితే మీ వీధి చివర మేసే తూర్పు బూడిద కంగారూలో ఈ పిండం ఆగడం అరుదు. పడమటి బూడిదలో అసలే లేదు. బూడిద కంగారూ పిల్ల సంచిలో దాదాపు 11 నెలలుంటుంది, ఏడాదిన్నర దాకా పాలు తాగుతుంది. వాన నమ్మకంగా పడే చోట అంత తొందర అక్కర్లేదు మరి. "కంగారూకి ఎప్పుడూ కడుపులో ఒకటి రెడీగా ఉంటుంది, అందుకే కుందేళ్లలా పెరుగుతాయి" అనే మాట ఇక్కడ రెండుసార్లు తప్పు. ఎర్రదానికైనా 235 రోజులకు ఒక పిల్ల అంటే ఏడాదికి ఒకటిన్నర, అదీ ఏదీ చావకపోతే. కుందేలు ఒక్క ఈతలో నాలుగైదు పెడుతుంది.

మరి ఇన్ని కంగారూలు ఎక్కణ్నుంచి వచ్చాయి? గొర్రెల కోసం చెట్లు కొట్టి గడ్డి పెంచారు, నీళ్ల తొట్లు పెట్టారు. డింగో అనే అడవి కుక్కలను విషం పెట్టి చంపారు, మిగిలినవి రాకుండా 5,600 కిలోమీటర్ల కంచె కట్టారు. ఆ కంచెకు ఇటు న్యూసౌత్‌వేల్స్ వైపు ఎర్ర కంగారూలు అటు సౌత్ ఆస్ట్రేలియా వైపు కంటే ఎన్నో రెట్లు. జీవశాస్త్రవేత్త గ్రేమ్ కాఫ్లీ బృందం 1980లో ఈ తేడా రాసి, దానికి కారణం డింగోలే కావచ్చని వాదించింది. ఇంకా వాదన ముగియలేదు, నా మటుకు నాకు డింగో వాదమే బలంగా కనిపిస్తుంది.

కాఫ్లీయే లెక్కపెట్టే పద్ధతిని కూడా గాడిన పెట్టాడు. చిన్న విమానం నేలకు 76 మీటర్ల ఎత్తున తిన్నని గీతల మీద ఎగురుతుంది. రెక్క ఊచకు కట్టిన గుర్తుల మధ్య కనబడే 200 మీటర్ల పట్టీలోవి మాత్రమే లెక్క. తెల్లవారాక, పొద్దుగూకే ముందు, మేతకు బయటికి వచ్చే వేళల్లో ఎగరాలి. మధ్యాహ్నం ఎగిరితే చెట్ల నీడల్లో పడుకున్నవి కనబడవు, లెక్క పడిపోతుంది. పొద్దున ఎగిరినా అన్నీ కనబడవు. ఎర్రవి మైదానంలో తేలిగ్గా దొరుకుతాయి, బూడిదవి పొదల్లో కలిసిపోతాయి. అందుకని జాతికీ, చెట్ల దట్టానికీ తగ్గట్టు గుణకంతో సరిచేస్తారు. ఇప్పుడు గీత నుంచి ఎంత దూరంలో కనబడిందో రాసుకుని, దూరం పెరిగేకొద్దీ ఎన్ని తప్పిపోతున్నాయో లెక్కకట్టే పద్ధతి వచ్చింది. గుట్టలున్న చోట హెలికాప్టర్ వాడతారు. వాణిజ్య వేట సాగే ప్రాంతాల మొత్తం అంచనా గత పదిహేనేళ్లలో సుమారు 3 కోట్లకూ 5 కోట్లకూ మధ్య ఊగింది. ఆ ఊపు ఎక్కువగా వానది. 1982, 83 కరువులో దేశపు లోపలి భాగాల్లో దాదాపు సగం పోయాయి.

ఏటా ఎన్నిటిని వేటాడొచ్చో చెప్పే కోటా ఆ అంచనా మీద ఒక వంతు, జాతిని బట్టి, రాష్ట్రాన్ని బట్టి ఎక్కువచోట్ల 15 నుంచి 20 శాతం. అది లక్ష్యం కాదు, దాటకూడని హద్దు, చాలా ఏళ్లు అందులో సగం కూడా కొట్టరు. విక్టోరియాలో 2019 అక్టోబరు నుంచి వాణిజ్య వేట ఉంది. రాత్రి, స్పాట్‌లైటు కింద, తలకు గురిపెట్టి ఒక్క గుండు: నియమావళి చెప్పేది అది. ఆడదాన్ని కొడితే సంచిలోని పిల్లను కూడా వెంటనే చంపాలని అదే నియమావళి చెబుతుంది. జనానికి మింగుడుపడనిది సరిగ్గా ఇక్కడే, నాకు కూడా. మగవాటినే తీసుకుంటామని కొన్ని మాంసం కంపెనీలు మారాయి. దాంతో పిల్లల బాధ తగ్గింది గానీ, పెద్ద మగవి తగ్గినా పుట్టుకలు తగ్గవు కాబట్టి సంఖ్య తగ్గించాలనుకునే రైతుకు అది పనికిరాలేదు.

కాన్‌బెర్రాలో 2009 నుంచి రక్షిత గడ్డిభూముల్లోనే కంగారూలను ఏటా కొంత తగ్గిస్తున్నారు. వింతగా ఉంటుంది గానీ కారణం ఉంది. గడ్డిని నేలకు కొరికేస్తే, గడ్డి దుబ్బుల్లో బతికే చెవి రంధ్రం లేని తొండ, చారల కాళ్లులేని బల్లి లాంటి అరుదైనవాటికి దాక్కోవడానికి చోటుండదు. గోనాకాన్ అనే గర్భనిరోధక టీకాను బాణంతో వెయ్యడం కూడా అక్కడ మొదలుపెట్టారు. కంచెల మధ్య చిక్కిన చిన్న గుంపులకు అది పనికొస్తుంది, వేల ఎకరాల మైదానాలకు కాదు.

ఇక ఇదే కుదురులో రెండో గతి, తగ్గిపోతున్న చిన్న జాతులది. 35 గ్రాములకూ ఐదున్నర కిలోలకూ మధ్య బరువుండే నేల మీది క్షీరదాలే ఆస్ట్రేలియాలో ఎక్కువగా అంతరించాయని 1989లో బర్బిడ్జ్, మెకెంజీ లెక్క తేల్చారు. నక్కకూ పిల్లికీ సరిగ్గా నోటికందే సైజు. గిల్బర్ట్ పోటోరూ అనే చిన్న జాతి వందేళ్లకు పైగా కనబడక, 1994లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని టూ పీపుల్స్ బేలో దొరికింది. 2005 నుంచి కొన్నిటిని బాల్డ్ ఐలాండ్‌కి చేర్చారు. 2015 నవంబరులో మంటలు వచ్చి పాత స్థావరం చాలావరకు కాలిపోయింది. దీవి మీదవి లేకపోతే ఆ జాతి కథ అప్పుడే దాదాపు ముగిసేది. ఇప్పటికీ మొత్తం వంద దరిదాపుల్లోనే.

వాయిలీ అని కిలోన్నర జీవి ఉంది. నేల కింది పుట్టగొడుగుల కోసం ఏడాదికి ఐదు టన్నుల దాకా మట్టి తవ్విపోస్తుంది, ఒక్కటే. ఆ గుంతల్లో వాన ఇంకుతుంది, విత్తనాలు పడతాయి. పశ్చిమాన నక్కలకు '1080' అనే విషం పెట్టిన మాంసం ఎర వేస్తారు. అదే పదార్థం అక్కడి గాస్ట్రోలోబియం మొక్కల్లో సహజంగా ఉంది కాబట్టి స్థానిక జంతువులు తట్టుకుంటాయి, బయటినుంచి వచ్చిన నక్క చస్తుంది. ఎరలతో వాయిలీ తేరుకుని, 1996లో ప్రమాద జాబితా నుంచి కూడా బయటపడింది. కానీ 1999 తర్వాత ఏడెనిమిదేళ్లలో తొంభై శాతం పడిపోయింది. నక్క తగ్గిన చోట పిల్లి పెరిగింది, పిల్లి చచ్చిన మాంసం ఎరను అంత తేలిగ్గా ముట్టదు. ఇప్పుడు పిల్లి దూరని కంచెల లోపలా, దీవుల మీదా పెంచుతున్నారు.

మొదట్లో 'కంగారు' అన్న మాట గుర్తుపెట్టుకోమన్నాను. ఈ జంతువులు నిజంగా కంగారుతో చస్తాయి. తరిమినా, పట్టి కట్టేసినా కండరాలు లోపలే విరిగి, ఆ విరిగిన సరుకు రక్తంలోకి చేరి మూత్రపిండాలు మూసుకుపోతాయి. అప్పటికప్పుడు పోవచ్చు, లేదా బాగానే ఉందనుకుని వదిలాక కొన్ని రోజులకు పోవచ్చు. టూలాచీ వాలబీ చివరి గుంపును 1920లలో కంగారూ ఐలాండ్‌కి చేర్చి కాపాడాలని గుర్రాల మీద తరిమారు. చిక్కినవి ఆ తరుముడుకే చచ్చాయి. ఆ జాతిలో చివరిది 1939లో రోబ్ ఊళ్లో బోనులో పోయింది.

ప్రశ్నలుంటే అడగండి.

రోడ్డు మీద అడ్డొస్తే? పొద్దుగూకాక, తెల్లవారుజామున వేగం తగ్గించండి, చలికాలం మరీ. కరువులో రోడ్డు అంచునే పచ్చిక ఉంటుంది, తారు మీద పడిన నీళ్లు అక్కడికే జారతాయి కాబట్టి. ఒకటి దాటితే వెనక ఇంకోటి ఉందనుకోండి. స్టీరింగు తిప్పకుండా తిన్నగా బ్రేకు వెయ్యండి. తిప్పినవాళ్లే చెట్టుకు కొట్టుకునేది.

కారు కింద చచ్చిన తల్లి సంచిలో పిల్ల బతికుంటే? నోట్లో చనుమొన ఉంటే లాగొద్దు, నోరు చిరుగుతుంది. ముందు వన్యప్రాణులను కాపాడేవాళ్లకు ఫోన్ చెయ్యండి, వీలైతే తల్లి శరీరంతో సహా పశువుల డాక్టరు దగ్గరికి చేర్చండి. అది కుదరకపోతే వాళ్లు చెప్పినట్టు చనుమొనను తల్లి వైపు కోసి, ఆ తెగిన చివరను పిల్ల మింగకుండా చుట్టిన గుడ్డకు పిన్నీసుతో గుచ్చాలి. దిండు గలీబు లాంటి సంచిలో వేసి, బొచ్చు రాని పిల్లయితే 32 నుంచి 34 డిగ్రీలు, బొచ్చు వచ్చినదైతే 28 డిగ్రీల వెచ్చదనంలో, చీకట్లో ఉంచండి. వేడి నీళ్ల సీసా గుడ్డ చుట్టకుండా తగిలించొద్దు. రేడియో కట్టెయ్యండి, మీ ఇంట్లో పిల్లలను దాన్ని ముట్టుకోనివ్వొద్దు. ఆవు పాలు చుక్క కూడా పట్టొద్దు. అందులోని లాక్టోజు అరగక విరేచనాలవుతాయి, గెలాక్టోజు కంట్లో పేరుకుని శుక్లాలు వస్తాయి. లైసెన్సు లేకుండా ఇంట్లో పెంచడం నేరం.

పెద్ద మగది నిటారుగా నిలబడి మీదికొస్తే? కళ్లలోకి చూడొద్దు, వెనక్కి తిరిగి పరుగెత్తొద్దు. వంగి, చిన్నగా గొంతులోంచి దగ్గుతూ పక్కకు జరగండి. చిన్న మగవి పెద్దదాని ముందు అలాగే చేస్తాయి. కుక్క ఉంటే పట్టీ వదలొద్దు. తరిమితే కంగారూ చెరువులోకి దిగి, వెంటపడిన కుక్కను చేతులతో నీళ్లలో ముంచేస్తుంది.

బ్రెడ్డు పెట్టొచ్చా అంటున్నారు ఆ అమ్మాయి. వద్దమ్మా. మెత్తటి తిండి పళ్ల సందుల్లో నిలుస్తుంది, గుంపుగా ఒకే చోట తింటే పెంట కలిసి ఫ్యూజోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి చిగుళ్లలోకి దూరుతుంది, దవడ ఎముక కుళ్లుతుంది. నయం చెయ్యడం చాలా కష్టం.

చివరిది, చచ్చిపడున్న కంగారూ మీద రంగుతో ఇంటూ గుర్తు ఎందుకుంటుందని. సంచి చూశాం, ఇక ఆగక్కర్లేదని వన్యప్రాణి కార్యకర్తలు వేసే గుర్తు అది. గుర్తు లేకపోతే, కారును సురక్షితంగా ఆపగలిగితేనే, దిగి చూడండి. సంచి ఖాళీగా ఉండి, నాలుగు చనుమొనల్లో ఒకటి మాత్రం పొడుగ్గా సాగి ఉంటే పక్క పొదల్లో కూడా వెతకండి. బయటికొచ్చిన పిల్ల తల్లికి మరీ దూరం పోదు.